పెరుగన్నం అని చెప్పాను

నందికొండ క్యాంపు,
12-8-1962

చిరంజీవి అండాలుకు బాపు దీవించి రాస్తున్నది. మీ అమ్మ, నేను బాగానే ఉన్నాం. మహబూబ్‌నగర్‌లో నీ టీచరు ట్రైనింగు బాగా సాగుతున్నదని తలుస్తాను. మామిడికాయ తొక్కు అడిగావు. మీ అమ్మ జాడీకి గుడ్డ కట్టి ఉంచింది, అటు వచ్చేవాళ్లతో పంపుతాం. మన పిల్లి కండె ఇంకా నీ దుప్పటి మీదే పడుకుంటున్నదా అని కూడా అడిగావు. దానికి జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఆలస్యమైంది.

పిల్లికి బాగాలేదు బిడ్డా. మన మగ్గం కింద, నూలు కండెల బుట్టలో పుట్టి బుట్టంతా చిందరవందర చేసిన పిల్లి, ఇప్పుడు గడ్డం రొమ్ముకు ఆనించి నేల చూస్తూ కూర్చుంటున్నది. తల ఎత్తలేదు. నడిస్తే తాగినవాడిలా గోడకు తగులుతుంది. ఒక పొద్దున గడప దగ్గర పడి, కాళ్లు బిగదీసి కొట్టుకుంది. ఫిట్సు. డ్యాము కట్టడానికి ఇన్ని వేలమంది వచ్చారు, పిల్లి జబ్బు తెలిసినవాడు ఒక్కడు లేడు. ఒకడు గాలి సోకిందన్నాడు, ఒకడు పిచ్చి అన్నాడు, సంచిలో కట్టి కృష్ణలో వదలమన్నాడు ఇంకొకడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వారానికోసారి వచ్చే పశువుల డాక్టరు దగ్గరికి గంపలో తీసుకుపోయాను. మా భజన మండలి కాటమయ్య తోడు వచ్చాడు. డాక్టరు దాని కళ్లలో బ్యాటరీ లైటు వేశాడు, పాదాలు మడిచి వదిలి చూశాడు, వెన్ను వెంట వేలు నడిపాడు. ఏం తింటుందని అడిగాడు, చెప్పాను. ఫిట్సుకు మందు పొట్లాలు ఇచ్చాడు. వారమంతా వేశాం, మళ్లీ మూడుసార్లు వచ్చింది. ఈయన ఎద్దులకు తప్ప పనికిరాడని స్టోర్సులో అందరి ముందూ తిట్టాను. మీ అమ్మ మాత్రం నా వైపు చూసింది.

ఎందుకు చూసిందో రాయక తప్పదు. డాక్టరుతో నేను పెరుగన్నం అని చెప్పాను. అబద్ధం. నువ్వు పోయినప్పటి నుంచి అది అన్నం ముట్టలేదు. చూడలేక, రేవు దగ్గర బిక్షమ్మ అమ్మే చిన్న చేపలు మీ అమ్మకు తప్ప ఎవరికీ తెలియకుండా దాచి తెచ్చాను. మన పొయ్యి మీద చేప ఎక్కదు గనక పెరట్లో పచ్చివే వేశాను. రెండు నెలలు అదే తిండి. మెడలో తులసిమాల, పక్కన కాటమయ్య. నిజం నోట రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు డాక్టరును తిట్టాను.

నిన్న కండెను గంపలో పెట్టుకుని ఒక్కణ్ణే డాక్టరు దగ్గరికి పోయి ఒప్పుకున్నాను.

"గీ మాట మొన్ననే చెప్తే ఏమైతుండె? పచ్చి చేపల ఉండే గుణం ఒంట్లె బి విటమిన్‌ను చెడగొడ్తది. నరాలు గందుకే పడిపోతున్నయి. వండితే ఆ గుణం పోతది. వారం దినాలు పోగొట్టినవ్ పెద్దమనిషీ" అన్నాడు. వెంటనే ఇంజెక్షన్ ఇచ్చాడు. పూర్తిగా కోలుకుంటుందని మాత్రం మాట ఇవ్వలేదు.

ఈ పొద్దున పెరట్లో మూడు రాళ్లు పెట్టి చేపలు ఉడికించాను. కాటమయ్య దడి అవతల ఆగాడు.

"గండన్నా, గీ వాసన ఎవరింట్లకెళ్లి వస్తాంది?"

"మా ఇంట్లకెళ్లే. నేనే వండుతున్న."

కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని పోయాడు. శనివారం భజనకు పిలుస్తారో లేదో తెలియదు, పిలవకపోతే పోనీ. చిప్పలో చేప పెట్టి ముందుంచితే కండె వాసన పట్టి తల ఎత్తింది. బెత్తెడే ఎత్తింది. వారం ముందే నిజం చెప్పి ఉంటే ఈపాటికి నీ దుప్పటి మీద ఉండేది.

ఇట్లు,
మీ బాపు
గండయ్య