తీర్పు ఎవరి మీద

8 ఆగస్టు 1964, శనివారం. కంపెనీ క్వార్టర్లు, సెక్టర్ 6.

మా జోసెఫ్ జ్వరంతో పోయి నలభై రోజులు. సాయంత్రం ఇంట్లో ప్రార్థనకి ఆదరణ కూడిక పెట్టుకుంటే, చర్చి సంఘ పెద్ద భార్య అందరి ముందూ అనేసింది: "హిందువుల పిల్లని చేసుకుని దేవుడి మీద తిరగబడ్డాడమ్మా నీ కొడుకు. ఆ జ్వరం తీర్పే. పిల్లని పుట్టింటికి అంపేయ్, ఇంటి మీద కోపం పోతాది."

కోడలు పార్వతి టీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

అందరూ వెళ్ళాక బైబిల్లో దేవుడి మీద తిరగబడినవాళ్ళ గురించి ప్రవక్త చెప్పిన మాటలు తీశాను. నాది కూడబలుక్కునే చదువు. పెంచిన పిల్లలే తిరగబడ్డారని దేవుడు ఏడ్చినట్టే ఉంది అక్కడ. ఏం చేశారా అని వేలు పెట్టి చదివాను. విధవరాలికి న్యాయం చెయ్యలేదట. మరి మా ఇంట్లో విధవరాలు ఎవరు?

లోపల పార్వతి పెట్టె సర్దుకుంటోంది. "నానెల్లిపోతే మీకీ మాటలుండవు కదత్తా," అంది.

"మాటలకి జడిసి నిన్నొదిలేస్తానేటే? తియ్ ఆ చీరలు," అన్నాను.

జోసెఫ్ ఎందుకు పోయాడో నాకు తెలీదు. దేవుణ్ణి అడుగుతూనే ఉంటాను. రేపు ఆరాధనలో మాత్రం పార్వతిని పక్కన నిలబెట్టుకుని, ఆ ప్రవక్త మాటలు అందరికీ వినపడేలా చదువుతాను. తడబడితే తడబడతాను.