శనగ బస్తాలు ఖాళీ చేసిన హాలు

ఆళ్లగడ్డ, జూన్ 2002, శుక్రవారం

హాల్లోని శనగ బస్తాలను మొన్న కోయిలకుంట్ల లారీకి ఎక్కించాం. అప్పటి నుంచి టేప్ రికార్డర్‌లో పాట పెడితే మాటలు ముద్దగా వినిపిస్తున్నాయి. ఖాళీ గోడలకు తగిలి శబ్దం తిరిగొస్తోందనుకున్నాను. ఈరోజంతా స్పీకర్లను మూలల్లోంచి ముందుకు జరిపాను, గోడలకు బొంతలు వేలాడదీశాను. అయినా అంతే.

"ఇంగ ఎందుకు జరుపుతాండావయ్యా? ఒక్కో మాటా తేటగా ఇనపడ్తాండాది" అంది నా భార్య.

అనుమానం వచ్చి బొంతలన్నీ లాగేశాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు హాలంతా గుయ్యిమంటాంది. నీకు తెలీడంల్యా?"

తెలియడం లేదు. రెండూ నాకు ఒకేలా ఉన్నాయి. దేవుడా, చెవులే పోతున్నాయా? ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో మైకు సెట్టు పక్కన నిలబడి బతికినవాణ్ణి. ఇంకో పని రాదు.

రేపు నంద్యాలలో పెళ్లికి సెట్టు పెట్టాలి. శబ్దం సరిపోయిందా అని అందరూ అడిగేది నన్నే.