మాస్కు వచ్చింది, అత్తయ్యగారూ

అత్తయ్యగారికి క్రేను నడిపే మీ అల్లుడు దండం పెట్టి రాస్తున్నది.

ఏడు నెలలు పడిగాపులు కాశాక నిన్న నాకు రాత్రిళ్లు నిద్రలో ఊపిరాగకుండా గాలి అందించే మాస్కు బిగించారు. అంత పెద్ద ఆసుపత్రిలో నిద్రలో ఊపిరాగే జబ్బు చూడ్డానికి ఉన్నది ఒకే ఒక్క నర్సమ్మ. వరసలో మూడొందలమందిమి. పాపం, మధ్యాహ్నం తన భోజనం డబ్బా మూతైనా తీయకుండా నా మొహానికి పట్టీ నాలుగుసార్లు సరిచేసింది.

"ఊపిరాగుతోందని ముందు కనిపెట్టిందెవరండీ?" అంది. మా అత్తగారన్నాను. "నాకు సాయంగా ఇంకో మనిషినివ్వండని పైవాళ్లని నోరు నొప్పెట్టేలా అడుగుతున్నా ఇవ్వట్లేదు. ఆవిణ్ణి పంపించండి, చాలు!" అంది.

నా గురక సంగతి, మధ్యమధ్యలో ఊపిరాగుతున్న సంగతి చుట్టాలందరికీ చెప్పి పరువు తీశారని అలిగి, ఏడాదిగా మీ గడప తొక్కలేదు. మీ మాట పట్టుకునే మీ అమ్మాయి నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లింది. మన్నించండి. పగలు కునికిపాట్లు పడుతున్నానని ఇన్నాళ్లూ క్రేను ఎక్కనివ్వని మేస్త్రీ, మాస్కు సంగతి విని సోమవారం నుంచి ఎక్కమన్నాడు.

అన్నట్టు, పట్టీ చెంపకి ఒరుసుకుంటోంది, మెత్తటి పాత నూలుగుడ్డ తీసి ఉంచండి. మీ మోకాలెలా ఉంది? మామయ్యగారు మందులు వేసుకుంటున్నారా, దాచేస్తున్నారా?

శనివారం మేమిద్దరం వస్తున్నాం. ఈసారి ముందుగదిలోంచి గురక వినిపించదు. ఊపిరాగిందేమోనని కంగారుపడి లేచి రాకండి. హాయిగా పడుకోండి.