వెలగని నరం

పదిహేడో తేదీ, సోమవారం

చిరంజీవి బుజ్జికి,

అక్క దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం గురించి ల్యాబులో అందరూ తెగ చెప్పుకుంటున్నారు గనక వేరే అడగడం లేదు.

నిన్న ప్రొఫెసరుగారు నీ ప్రస్తావన తెచ్చారు. ఆ పిల్ల తప్పు ఒప్పుకుని మంచి పని చేసింది, లేకపోతే ఇంకా అల్లరయ్యేది అన్నారు. చూశావా? ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టవే, నీ మంచికే చెబుతున్నా అని గడ్డం పట్టుకుని బతిమాలితే ఆ రోజు నన్ను కొరకొరా చూశావు. నిజంగానే కనిపించిందక్కా, ఒట్టు అని ఏడ్చావు. ఒట్లతో సైన్సు నడవదే తల్లీ.

నరం మీది కొవ్వు తొడుగుకి మధ్యమధ్య సందులుంటాయి, కరెంటు పంపినప్పుడల్లా అక్కడ కాల్షియం లోపలికి దూరుతుంది, అది తగిలి, నరంలోకి మనం ఎక్కించిన రంగు మెరుస్తుంది అన్నావు. నిజం తేల్చడానికి వచ్చిన పరీక్షకులు ముగ్గురూ నీ ప్రయోగం మళ్ళీ చేయించి కళ్ళు కాయలు కాచేలా చూశారు. నరంలో కరెంటు బాగానే పరిగెత్తింది, మెరుపు మాత్రం లేదు. మెరుపుందని నువ్వు చూపించిన పాత బొమ్మలు నువ్వే దిద్దావనుకోక ఇంకేమనుకుంటారు?

ఎనిమిదేళ్ళు ఆ మైక్రోస్కోపు ముందు నడుం విరగ్గొట్టుకున్న నాకు కనబడనిది, నిన్నగాక మొన్న వచ్చిన నీకు ఆరు నెలల్లో కనబడిందట! ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ప్రొఫెసరుగారు నా ముందే నిన్ను మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది, దాచడమెందుకు.

ట్యూషన్లు చెబుతున్నావట. మంచిదే. పిల్లలకి బొమ్మలు వేసి చూపించు, అందులో నీకు పేరుంది.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క

తా.క.: నా వ్యాసం అచ్చయింది, ప్రతి జతచేశాను. రెండో బొమ్మ చూడు. నరాన్ని ఉంచే ఉప్పునీళ్ళలో కాల్షియం ఉంటే సందులు మెరిశాయి. అది మానేసి మెగ్నీషియం వేస్తే కరెంటు మామూలుగానే నడిచింది, మెరుపు పోయింది. అంటే కాల్షియం బయటి నుంచే లోపలికి వస్తోంది. నువ్వన్నది అక్షరాలా నిజం. పరీక్షకులు వచ్చిన రోజు ఆ మెగ్నీషియం నీళ్ళు కలిపింది నేనే. సీసా మీద కాల్షియం అని నువ్వు రాసిన చీటీ అలాగే ఉంచాను. ఇంత శుభ్రమైన ప్రయోగం నా జన్మలో చెయ్యలేదే! దాని విలువ తెలిసేది నీ ఒక్కదానికే, అందుకే చెబుతున్నాను. ఎవరికైనా చూపిస్తానంటావా, చూపించు. బొమ్మలు దిద్దానని రాసిచ్చినదానివి, ఈ ఉత్తరమూ నువ్వే పుట్టించావంటారు. చేత్తో రాయకుండా టైపు చేసింది అందుకే.