పొగగొట్టానికి పైసలు రావట

శ్రీరాంపూర్, జూలై 1987, బుధవారం రాత్రి

మా పేదల కాలనీ ఇళ్లకు సర్కారు పొగగొట్టాలు పెట్టలేదు. వానలకు బొగ్గుల పొయ్యి లోపలే రాజేయాలి. పోయిన నెల గోడకు బొక్క కొట్టి, పాత రేకుతో గొట్టం చేసి నేనే పెట్టాను. అవ్వ దగ్గు తగ్గింది. అందరి ఇళ్లకూ పెట్టించడానికి పైసలివ్వండని ఇళ్లు కట్టించిన సర్కారు ఆఫీసులో అడిగితే ఈరోజు అక్కడి ఇంజనీరు వచ్చాడు.

"మంచిగనే చేసినవ్. కానీ ఇంటి ప్లాను నక్షల గొట్టం లేదు, పైసలు రావు. బొక్క మూసెయ్, లేకుంటే ఇల్లు రద్దయితది."

"మరి పొగ యాడికి పోవాలె సార్?"

"తలుపు తీసి పెట్టుకోండ్రి."

వాడి అంగీ గల్లా పట్టేవాణ్నే. అవ్వ నా చేయి పట్టుకుంది. "ఊకో బిడ్డా, ఇల్లు పోతే యాడుంటం?"

సిమెంటు కలిపి నేనే మూశాను. అవ్వ ఇప్పుడు పొయ్యి రాజేస్తోంది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, వేలితో పొడిస్తే ఊడొస్తుంది. పొడవలేను.