గుడివాడ సిట్టింగులు

బందరు,
ఆగస్టు 4.

ప్రియమైన పెద్దమ్మకు వినీల వందనాలు.

ఫోన్లో నా మాట నీకు వినపడదు, నీ మాట మా హాస్టలంతా వింటుంది. అందుకని మనిద్దరికీ ఉత్తరాలే మేలు.

ఈ ఆదివారం కూడా రాలేను. కోప్పడకు. ఫిజియోథెరపీలో పీజీ అంటే డిగ్రీలాగే గడిచిపోతుందనుకున్నాను. మధ్యాహ్నం దాకా ఇక్కడ కాలేజీ, తర్వాత పెడన మీదుగా గుడివాడ బస్సు, అక్కడ క్లినిక్‌లో పార్ట్ టైం. హాస్టల్ ఖర్చు నేనే చూసుకుంటానని నీకు మాటిచ్చాను కదా. సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆరు సిట్టింగులు. ఆదివారమైతే పొద్దున్నే మొదలు. మొదట్లో రెండింటికే ఒళ్ళు తూలిపోయేది, ఇప్పుడు ఆరైనా చలించను.

గోవర్ధనరావు గారని ముదినేపల్లి నుంచి ఒక పెద్దాయన వస్తారు. మొదటిరోజు ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. నాలుగు సిట్టింగులయ్యేసరికి తనే నడిచి వెళ్ళిపోతున్నారు. "ఈ అమ్మాయితో సిట్టింగ్ పడితే గానీ నాకు నిద్ర పట్టదండీ" అని మా సార్‌తో అన్నారట.

పొద్దున్నే నువ్వు పళ్ళు తోముకుంటూ పాడే కీర్తన గుర్తొస్తుంది. రాగం తప్పేది నువ్వైనా, వినక బాధపడేది నేనే.

నీ
వినీల

తా.క. ఒక్కోసారి ఐసు అయిపోతే పక్క కూల్‌డ్రింకు కొట్టుకి నేనే పరిగెత్తాలి.


నాగాయలంక,
ఆగస్టు 9.

చిరంజీవి వినీలను ప్రభువు కాపాడాలని కోరుకుంటూ పెద్దమ్మ జ్ఞానమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరంలో సిట్టింగ్ అనే మాట నాకు తెలియలేదు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, తెలియని మాట వదిలిపెట్టలేను. పక్కింటి రావమ్మని అడిగాను. అడిగీ అడగ్గానే నా నోరు మూసింది. వాళ్ళ అల్లుడు యుగంధర్ శనివారం శనివారం స్నేహితులతో వెళ్ళేది దానికేనట. ఆ పని పేరు నేను ఈ కాగితం మీద రాయను. నా కలం కూడా బాప్తిస్మం పొందినదే.

యుగంధర్ నడిచి వెళ్ళి, ఇద్దరి రెక్కల మీద ఇంటికొస్తాడు. మీ గోవర్ధనరావు గారు రెక్కల మీద వచ్చి, నడిచి వెళ్తున్నాడంటే ఎంత ఆరితేరినవాడో నాకు అర్థమైంది. క్లినిక్ అని బోర్డు పెట్టి లోపల జరిగేది ఇదా?

మీ అమ్మ ఆసుపత్రి మంచం మీద నీ చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. రేపు పైకి వెళ్ళాక దానికి నేనేం చెప్పుకోవాలి? ఆ పని మానెయ్యి తల్లీ. మానేసి ఒక్కసారి వచ్చి కనపడు.

నీ మేలు కోరే
జ్ఞానమ్మ

తా.క. పార్ట్ టైం అంటే సగం పని అన్నావు. సగం పనికి పూర్తి మనిషి కనపడకుండా పోవడం ఎందుకు?


బందరు,
ఆగస్టు 14.

పెద్దమ్మా, వందనాలు.

ఎవరన్నా అంటారనుకున్నాను గానీ నువ్వంటావనుకోలేదు. మగవాళ్ళ ఒంటి మీద చెయ్యి వేయాల్సి వస్తుందనే కదా నీ బాధ? ముట్టుకోకుండా సిట్టింగ్ ఎలా అవుతుంది చెప్పు. నాకూ మొదట్లో సిగ్గేసింది. వారం తిరిగేసరికి పోయింది.

మగవాళ్ళే వస్తారనుకోకు. మాణిక్యమ్మ గారికి ఎనభై రెండేళ్ళు. వారానికి మూడు ఉండాల్సిందే. కూతురే దగ్గరుండి ఆటోలో తీసుకొస్తుంది. అయ్యాక "ప్రాణం లేచొచ్చిందే తల్లీ" అని నా బుగ్గలు పుణుకుతుంది. ఇది సేవ కాకపోతే మరేమిటి? నువ్వే ఒక్క సిట్టింగ్‌కి వచ్చి చూస్తే ఇలా మాట్లాడవు.

మానమంటే మానలేను. నీ మాట కాదన్నానని రెండు రోజులుగా అన్నం సరిగా తినలేదు. అయినా మానను.

నీ
వినీల

తా.క. వచ్చే ఏడాది నుంచి నన్ను ఇళ్ళకు పంపిస్తారట. మంచం మీద నుంచి లేవలేని స్థితిలో ఉన్నవాళ్ళకి ఇంట్లోనే సిట్టింగ్.


నాగాయలంక,
ఆగస్టు 20.

నా బిడ్డ వినీలకు, దేవుడే దిక్కని నమ్మి పెద్దమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడు పూటలు ఉపవాసం ఉన్నాను. మంచం దిగలేని వాళ్ళకి ఇంటికి తీసుకెళ్ళి మరీ పోస్తారా? ఎనభై రెండేళ్ళ ముసలమ్మని కూతురే తెచ్చి దింపుతుందా? యుగంధర్ ఈ సంగతి విని, మన ఊరు చాలా వెనకబడిపోయిందండీ అన్నాడు.

ఆదివారం గుళ్ళో ఆడవాళ్ళ కూటం, అదే స్త్రీల మైత్రిలో ప్రార్థన పెట్టించాను. నీ పేరు బయటపెట్టలేదు. బందరులో చదువుకుంటూ గుడివాడలో పార్ట్ టైం చేసే మన ఊరి బిడ్డ అన్నాను, అంతే. పాస్టరమ్మ స్వర్ణలత గారు మాణిక్యమ్మ గారి కోసం కూడా కన్నీళ్ళతో ప్రార్థించారు.

ఇక దాపరికం దేనికి, రాసేస్తున్నాను. తాగుడు మంచిది కాదమ్మా. అయినా నేను నిన్ను తిట్టను. తిట్టి దూరం చేసుకుని నేనెక్కడ ఉండను? వాసనొచ్చినా సరే, ఇంటికి రా. ఏ వేళకి వచ్చినా తలుపు తీస్తాను.

నీ
పెద్దమ్మ

తా.క. బస్సెక్కే ముందు నిమ్మకాయ నీళ్ళు తాగు. యుగంధర్‌కి అది పనిచేస్తుందట.


గుడివాడ బస్సులో,
ఆగస్టు 25.

నా పిచ్చి పెద్దమ్మకు,

నీ ఉత్తరం బస్సులోనే చదివాను. గట్టిగా నవ్వితే కండక్టరు తిరిగి చూశాడు. పెడన దాటేసరికి ఏడుపొచ్చింది.

సిట్టింగ్ అంటే పేషెంటుకి ఒక విడత చేసే వైద్యం. అరగంట. కీళ్ళు పట్టేసిన వాళ్ళ చేత వ్యాయామం చేయిస్తాం, వాపుంటే ఐసు పెడతాం. గోవర్ధనరావు గారికి నడుం, మాణిక్యమ్మ గారికి మోకాళ్ళు. ఇద్దరూ మజ్జిగ తప్ప ఏమీ తాగరు.

"వాసనొచ్చినా సరే, ఇంటికి రా" అన్నావు. ఆ మాట చదివాక నాకు ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు. నీ మీద బెంగగా ఉంది పెద్దమ్మా. రోజూ ఎవరెవరి చేతులో పట్టుకుంటాను, నీ చెయ్యి పట్టుకుని మూడు నెలలైంది. డిసెంబరులో పరీక్షలు. అప్పటిదాకా దివిసీమ వైపు రావడం కుదరదు. రోజుకి ఆరుగురికి తలా అరగంట ఇవ్వగలుగుతున్నాను, నీకు మాత్రం ఇవ్వలేకపోతున్నాను.

నీ
వినీల

తా.క. నాగాయలంకలో తన కోసం ప్రార్థన చేశారని మాణిక్యమ్మ గారికి చెప్పాను. మోకాళ్ళ కోసమనుకుని చాలా సంతోషపడింది. నేను దిద్దలేదు.


నాగాయలంక,
సెప్టెంబరు 1.

డాక్టరమ్మ వినీల గారికి, ఒక పేషెంటు నమస్కరించి రాస్తున్నది.

ఆదివారం గుళ్ళో లేచి నిలబడి తప్పు ఒప్పుకున్నాను. సిట్టింగ్ అంటే వైద్యమే, చెడ్డ పని కాదు అన్నాను. వెనక బల్లల్లోంచి యుగంధర్, "ఈ మాట నేను ఎన్నేళ్ళుగా చెప్తున్నానండీ" అన్నాడు. రావమ్మ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

నీకొక సంగతి దాచాను. జూన్ నుంచి నా ఎడమ భుజం లేవడం లేదు. జడ కూడా రావమ్మే వేస్తోంది, ఇప్పుడైతే మాట్లాడకుండానే. చెబితే చదువు మధ్యలో వదిలేసి వచ్చేస్తావని చెప్పలేదు.

మొన్న నీ ఉత్తరం చదివాక, పాస్టరమ్మ గారి చేత మీ క్లినిక్‌కి ఫోన్ చేయించాను. అవనిగడ్డ వైపు నుంచి ఒక పెద్దావిడ వస్తారు, వినీల అనే అమ్మాయే చూడాలి అని చెప్పించాను. సోమవారం నుంచి, సాయంత్రం ఐదున్నరకి. రోజుకొకటి చొప్పున పది సిట్టింగులు. గుడివాడలో మా పిన్ని కూతురింట్లో దిగుతాను. నువ్వు పని మానక్కర్లేదు, కాలేజీ ఎగ్గొట్టక్కర్లేదు. ఆ అరగంట మాత్రం నిన్ను ఎవరు పిలిచినా వెళ్ళకూడదు. నేను పేషెంటుని, నాకు హక్కుంది.

ఇట్లు,
జ్ఞానమ్మ,
వయసు అరవై ఏడు, ఎడమ భుజం

తా.క. నీ హస్తవాసి మంచిదని అందరూ అంటున్నారు. తొందరపడి తగ్గించెయ్యకు.