అడగకుండా బిగించిన తీగలు

చెల్లాయ్, క్షేమంగా చేరాను, బస్సు ఆలస్యమైందని అమ్మని కంగారు పడొద్దను.

బ్లూస్, అదే దిగులంతా గొంతెత్తి పాడుకునే ఆ అమెరికా పాటల ఉత్సవానికి వస్తుంటే దారిలో టైరు పంచరైంది. పంచర్లేసే ఆయన చక్రం విప్పుతుంటే, కొట్లో గోడకి గిటారు కనబడింది. మీటి చూస్తే తీగలన్నీ బాగా వదులుగా ఉన్నాయి. గిటారు పాఠాలు చెప్పే చెయ్యి ఊరుకుంటుందా? ఎవర్నీ అడక్కుండా బిగించి శ్రుతి చేసేశాను. పైగా, "ఇలా వదిలేయకూడదండీ" అని ఓ సలహా.

ఆయన చేతులు కడుక్కొచ్చి వాయించాడు, వాళ్ళావిడ పాడింది. వాళ్ళు కట్టుకున్న పాటే, మన మాటల్లో అచ్చమైన బ్లూస్! "బస్సులైతే ఆగుతాయి, దిగే చుట్టమే లేడు" అంటుంటే ఒళ్ళు ఝల్లుమంది. ఇంతలో గొంతు పైకి అందక, జీరపోయి, ఆవిడ ఆపేసింది.

"జబ్బు చేశాక మా ఆవిడ గొంతు దిగిందండీ. అందుకే తీగలు దించుకున్నాం," అన్నాడాయన మెల్లగా.

ఆవిడేమో నాకు మంచినీళ్ళిచ్చి, "మీకు తెలీదు కదా బాబూ," అంది. నాలుగు తిట్టినా బాగుండేది. తలెత్తలేకపోయాను. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళు వాయిస్తున్నా చెవికెక్కడం లేదు.

నా నీలం చొక్కా ఇస్త్రీకిచ్చావా? బావగారి దగ్గు తగ్గిందా? అసలు సంగతి, అమ్మ హార్మోనియంలో పలకని మెట్లు బాగుచేయమని వచ్చేవారానికి మనిషిని పురమాయించాను. వస్తే వెనక్కి పంపెయ్. ఆ మెట్ల జోలికి పోకుండానే అమ్మ హాయిగా పాడుకుంటోంది. బాగుచేయించనా అని నేను అమ్మని అడగనే లేదు.

పిల్లలకి ముద్దులు.

సిగ్గుతో,
అన్నయ్య